చెప్పిన మాట వినే పిల్ల

(బేబీ పెగ్గీగా పేరుపొందిన డయానా సెర్రా కేరీ స్మృతిలో, ఒక ఫిల్మ్ సొసైటీ సభ్యుల ముందు ఫిబ్రవరి 24న చేసిన ఉపన్యాస పాఠం)



ఫిబ్రవరి 24 అంటే మనకు శ్రీదేవి. 2018లో ఆ రోజు దుబాయిలో ఆమె పోయిందన్న వార్తను చాలాసేపు ఎవరమూ నమ్మలేదు. సరిగ్గా రెండేళ్ళకు, 2020లో అదే తేదీన, కాలిఫోర్నియాలోని గస్టీన్ అనే చిన్న ఊళ్ళో ఒక పెద్దావిడ కన్నుమూసింది. నూటొక్క ఏళ్ళ మనిషి. ఆవిడే డయానా సెర్రా కేరీ. తేదీలు కలవడం కాకతాళీయం, దానికి అర్థాలు వెతికే పని పెట్టుకోను. కానీ ఇద్దరూ బడి ఈడు రాకముందే కెమెరా ముందుకొచ్చినవాళ్ళే. ఇద్దరి పేర్లకూ ముందు ఒకప్పుడు ‘బేబీ’ అని పడేది.

పెగ్గీ పోయినప్పుడు చాలామంది ‘మూకీల చివరి తార’ అని రాశారు. అబద్ధం కాదు. కానీ లెక్క చూడండి. ఆవిడ తారగా వెలిగింది మహా అయితే అయిదేళ్ళు, ఆ తర్వాత బతికింది తొంభై అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళ ముచ్చట కోసమే తలుచుకుంటే ఆ పిల్లకు జరిగిన అన్యాయాన్ని మనం ఇంకోసారి చేసినట్టే. నేను స్మరించుకోవాలనుకున్నది ఆ తొంభై అయిదేళ్ళ మనిషిని, అంటే రచయిత్రిని. అయినా ఆమెను అర్థం చేసుకోవాలంటే పాప దగ్గరనుంచే మొదలుపెట్టాలి. వేరే దారి లేదు.

అసలు పేరు పెగ్గీ జీన్ మాంట్‌గోమరీ. 1918 అక్టోబరు 29న శాన్‌డియేగోలో పుట్టింది. తండ్రి జాక్ మాంట్‌గోమరీ పశువుల మందలు తోలిన కౌబాయ్. ఆ బతుకు చెల్లిపోయే కాలానికి హాలీవుడ్ చేరి, కౌబాయ్ సినిమాల్లో గుర్రపు స్వారీలకీ ఫీట్లకీ కుదురుకున్నాడు. టామ్ మిక్స్ అని అప్పట్లో పెద్ద హీరో ఉండేవాడు, ఆయనకు డూప్ వేశాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

పెగ్గీకి పంతొమ్మిది నెలలున్నప్పుడు తల్లి ఆమెను వెంటబెట్టుకుని, సినిమాల్లో ఎక్‌స్ట్రాగా చేసే ఓ స్నేహితురాలితో కలిసి సెంచురీ స్టూడియోకి వెళ్ళింది. హాలీవుడ్‌లో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. పిల్ల పాడిందనో ఆడిందనో, దర్శకుడు ముగ్ధుడైపోయాడనో చెబుతారు. ఇక్కడ అదేమీ జరగలేదు. పిల్ల కదలకుండా కూచుంది. కూచోమన్న చోట, అంతసేపూ. ఫ్రెడ్ ఫిష్‌బాక్ అనే దర్శకుడికి నచ్చింది అదే. ఆయన దగ్గర బ్రౌనీ అనే పేరున్న కుక్క ఉంది, చెప్పినట్టు చేస్తుంది, జనంలో మంచి పేరు. దానికి జోడీగా చెప్పినట్టు చేసే ఓ బుడత కావాలి. అలా 1921లో కుక్క పక్కన పాపగా ఆమె కెరీర్ మొదలైంది.

దీన్ని చమత్కారంగా చెప్పుకుని వదిలేయవచ్చు. కానీ కథంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మూకీ తీసే పద్ధతి తలుచుకోండి. సౌండు లేదు. షాటు నడుస్తుండగానే దర్శకుడు కెమెరా పక్కన నిలబడి కేకలేయవచ్చు: ఇటు చూడు, ఇప్పుడు ఏడువు, ఇక నవ్వు. డైలాగు కంఠతా పట్టే పని లేదు. కాబట్టి పసిపిల్ల నుంచి స్టూడియోకి కావలసింది చెప్పీ చెప్పగానే చేయడం. ఆ విద్యలో పెగ్గీని మించినవాళ్ళు లేరు, ఎందుకంటే అది ఆమెకు ఇంట్లోనే పట్టుబడింది. తన కూతురి ప్రతిభ ఏమిటని అడిగితే తండ్రి చెప్పిన జవాబు కూడా దాదాపు అదే: ఎదురు ప్రశ్న వేయకుండా నా మాట వింటుంది. గుర్రాన్ని మాలిమి చేసిన మనిషికి అంతకంటే గొప్ప కితాబు తోచి ఉండదు.

రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు పని. 1921 నుంచి 1924 లోపు సెంచురీకి చేసిన రెండు రీళ్ళ హాస్యచిత్రాలు నూటయాభై దాకా ఉంటాయని అంచనా. వాటిలో చాలావాటికి ఒకటే సూత్రం: అప్పటి పెద్ద తారలను పసిపిల్ల చేత అనుకరింపజేయడం. వాలెంటీనోలా పోజులు, పోలా నెగ్రీలా వగలు, మేరీ పిక్‌ఫర్డ్‌లా ఉంగరాల జుట్టు. జనం విరగబడి నవ్వారు. మన టీవీ చానళ్ళలో అయిదేళ్ళ పిల్లల చేత ఐటెం పాటలకు స్టెప్పులు వేయించి, జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం చూసినప్పుడల్లా ఈ పాత సూత్రం గుర్తొస్తుంది. పిల్లకు తాను దేన్ని అనుకరిస్తోందో తెలియకపోవడమే అక్కడ సరుకు.

ఆ పని ఎలా ఉండేదో రెండు మూడు చోట్ల ఆగి చూద్దాం. ‘సీ షోర్ షేప్స్’ అనే 1921 నాటి చిన్న సినిమా కోసం పెగ్గీని సముద్రపు నీళ్ళలో ముంచి పట్టుకున్నారు. స్పృహ తప్పేదాకా. అప్పటికి ఆమెకు మహా అయితే మూడేళ్ళు. ఇంకో సినిమాలో రైలు పెట్టె అడుగున ప్రయాణం. 1923లో యూనివర్సల్ వాళ్ళు తీసిన ‘ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్’ పూర్తి నిడివి చిత్రం. అందులో మండుతున్న గదిలోంచి పాప ఒక్కతే తప్పించుకునే ఘట్టం ఉంది. మంటలు నిజమైనవి. పాప కూడా నిజమే. తండ్రి వృత్తి గుర్తుంచుకోమన్నది ఇందుకే. పెద్ద హీరోకి దెబ్బ తగలకుండా తన ఒళ్ళు అడ్డువేసి జీతం తీసుకున్నవాడాయన. ఆయన కూతురికి మాత్రం డూప్ లేదు. నాలుగేళ్ళ పిల్ల కొలతల్లో డూప్ ఎక్కడ దొరుకుతాడంటారా? నిజమే. అప్పుడు ఆ షాటే తీయకూడదు. ఆ మాట అనగలిగినవాడు సెట్టులో ఒక్కడే, తండ్రి. ఆయన అనలేదు.

ఆయన్ని దుర్మార్గుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. కూతురు కూడా అలా నిలబెట్టలేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. సంపాదించే మనిషి మూడేళ్ళది. తండ్రి తన పని మానుకుని ఆమె వ్యవహారాలు చూసే మేనేజరయ్యాడు. బయటి ప్రపంచానికి అతను పెగ్గీ నాన్న. తన తిండి కూతురు పెడుతోందన్న సంగతి మరచిపోవాలంటే మగవాడికి మిగిలిన దారి అధికారం. బంగళాలు, కార్లు, బట్టలు. ఖర్చుకు తల్లిదండ్రులిద్దరూ వెనకాడలేదు. పెగ్గీ పేరిట గానీ ఆమె అక్క పేరిట గానీ పైసా దాచలేదు.

వైభవం సంగతి తొందరగా చెప్పేస్తాను, అది అందరూ చెప్పేదే. 1922లో ఆమెకు అభిమానుల ఉత్తరాలు పన్నెండు లక్షలు దాటాయి. బేబీ పెగ్గీ బొమ్మలు దుకాణాలకు వచ్చాయి. ఏడాదికి 15 లక్షల డాలర్ల ఒప్పందం అని పత్రికలు రాశాయి. 1924లో న్యూయార్క్‌లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరిగితే ఆమెను ముద్దుల చిహ్నంగా వేదికెక్కించారు. పక్కన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, చేతిలో జెండా. అదే ఏడాది ‘కెప్టెన్ జాన్యువరీ’. దీపస్తంభం కాపలా ముసలాయన దగ్గర పెరిగే అనాథ పిల్ల కథ. ఇదే కథను 1936లో షిర్లీ టెంపుల్‌తో మళ్ళీ తీశారు, మనవాళ్ళకు తెలిసింది ఆ రెండోదే. ‘హెలెన్స్ బేబీస్’ కూడా ఆ సంవత్సరానిదే. అందులో నటి క్లారా బో ఉంది.

1925లో తండ్రికీ నిర్మాత సోల్ లెస్సర్‌కీ జీతం దగ్గర గొడవ వచ్చింది. ఒప్పందం రద్దు. ఆ తర్వాత స్టూడియోల తలుపులు మూసుకున్నాయి. 1926లో ‘ఏప్రిల్ ఫూల్’ అనే సినిమాలో చిన్న వేషం, అంతటితో మూకీల్లో ఆమె పని అయిపోయింది. అప్పటికి ఏడేళ్ళు. మన దగ్గర ఏడేళ్ళ పిల్లకు రెండో తరగతి పుస్తకాలు కొంటాం. ఆమె అప్పటికి బడి మొహమే చూడలేదు.

డబ్బు కావాలి కనుక వాడెవిల్ బాట పట్టించారు. ఊరూరా తిరిగే రంగస్థల వినోదమది. ఒకే టికెట్టు మీద పాటలు, హాస్యం, కుక్కల ఆటలు. 1925 నుంచి 1929 దాకా ఆ తిరుగుడు. ఒక్కో ప్రదర్శనకూ ఆమె చేతికి వచ్చింది ఒక నికెల్, అంటే అయిదు సెంట్లు. మిగతాదంతా పెద్దవాళ్ళ చేతికి, అక్కడినుంచి భాగస్వాముల చేతికి, అక్కడినుంచి ఎక్కడికో. చివరికి వయోమింగ్‌లో పశువుల క్షేత్రం కొనుక్కుని స్థిరపడదామనుకున్నారు. అది తండ్రి కల, కూతురి కష్టార్జితంతో. 1929 స్టాక్ మార్కెట్ పతనంతో అదీ పోయింది.

1932లో కుటుంబం మళ్ళీ హాలీవుడ్ చేరింది. ఒకప్పటి తార ఎక్‌స్ట్రాల వరసలో నిలబడింది. ఇది మన ఊళ్ళలోనూ జరిగేదే. కోడంబాకం, కృష్ణానగర్ వీధుల్లో తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎక్‌స్ట్రాగా నిలబడటం నామోషీ కాదు. నామోషీ ఎక్కడొస్తుందంటే, లైట్లు సర్దే మనిషెవరో వచ్చి ‘నువ్వు బేబీ పెగ్గీవి కదూ’ అని అడిగినప్పుడు. ఆ ప్రశ్నలో దయ ఉండవచ్చు. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ దయ మోయడమే కష్టం. 1938 వరకు లాగి, ఆమె సినిమాలు వదిలేసింది.

తర్వాత పాతికేళ్ళ గురించి నేను ఎక్కువ చెప్పను. ఆవిడా ఎక్కువ ఆర్భాటం చేయలేదు. టెలిఫోన్ స్విచ్‌బోర్డు దగ్గర పనిచేసింది, పుస్తకాల షాపులో గుమాస్తాగా ఉంది, కానుకల దుకాణం నడిపింది. ఒక పెళ్ళి పదేళ్ళకు విడాకులయింది. 1954లో బాబ్ కేరీ అనే చిత్రకారుణ్ణి చేసుకుంది, ఒక కొడుకు పుట్టాడు. కాథలిక్ మతం తీసుకుని సెర్రా అన్న పేరు చేర్చుకుంది. పేరు మార్చుకున్నాక ఎవరికీ పెగ్గీ సంగతి చెప్పకుండా బతకవచ్చు. కొన్నేళ్ళు అలాగే బతికింది.

తర్వాత రాయడం మొదలుపెట్టింది. నన్ను ఈ మనిషి వైపు లాగింది ఇక్కడే. మొదటి పుస్తకం 1975లో వచ్చింది, ‘ది హాలీవుడ్ పోసీ’. అది దేని గురించి అనుకుంటున్నారు? బాలతార గోడు అనుకుంటే పొరపాటు. కౌబాయ్ సినిమాల్లో గుర్రాల మీంచి పడి ఎముకలు విరగ్గొట్టుకున్న రౌతుల కథ అది. అంటే తండ్రి కథ, తండ్రి స్నేహితుల కథ. తనకు జరిగింది చెప్పుకునే ముందు, తనకు అది చేసినవాడు ఎక్కడినుంచి వచ్చాడో, ఏం పోగొట్టుకుని వచ్చాడో రాసింది. ఆత్మకథలు రాసే తారలు సాధారణంగా చేసే పని కాదిది. అది చరిత్రకారులు చేసే పని. నన్నడిగితే ఆవిడ పుస్తకాల్లో అన్నిటికంటే ధైర్యమైనది అదే. విమర్శకులు మాత్రం దాన్ని ఏదో పక్కదారి పుస్తకంగా చూస్తారు.

రెండోది 1978లో, ‘హాలీవుడ్స్ చిల్డ్రన్’. ఇది పిల్లనటుల వ్యవస్థ మొత్తాన్ని లోపలినుంచి చూపిన పుస్తకం. పిల్లలను ముందుకు తోసే తల్లులు, స్టూడియోల్లో నామమాత్రపు బళ్ళు, ఒక తార గెలిస్తే ఆ ఆశతో రైళ్ళెక్కి వచ్చే వందలాది కుటుంబాలు. తన గురించి రాసినంత నిష్ఠగా తక్కినవాళ్ళ గురించి రాసింది. తన సొంత కథ పుస్తకంగా వచ్చేసరికి 1996 అయింది, అప్పటికి డెబ్బై ఏడేళ్ళు దాటాయి. 2003లో జాకీ కూగన్ జీవితచరిత్ర. నూరేళ్ళకు దగ్గరపడుతూ ఒక చారిత్రక నవల కూడా తెచ్చింది. 2012లో వేరా ఇవెరెబార్ అనే డచ్ దర్శకురాలు ఆవిడ మీద డాక్యుమెంటరీ తీసింది. అందులో ముసలావిడ మాట్లాడే తీరు చూడండి. జాలి కోసం ఒక్క మాట ఉండదు.

రాయడం ఎందుకంత అవసరమైందంటే, చూపించడానికి సినిమాలే మిగల్లేదు. 1926లో సెంచురీ స్టూడియో కాలిపోయింది, రీళ్ళు కూడా పోయాయి. నూటయాభైలో ఇవాళ చూడగలిగినవి కొన్నే. దొరికినవి కూడా ఎక్కడెక్కడో దొరికాయి. 2016లో ‘అవర్ పెట్’ అనే ఆమె సినిమా ప్రింటు జపాన్‌లో బయటపడింది. మన మూకీలు, తొలి టాకీలు ఎన్ని మట్టిగొట్టుకుపోయాయో తెలిసిన తెలుగువాళ్ళకు ఈ బాధ కొత్తగా వివరించాలా?

జాకీ కూగన్ పేరు వచ్చింది కనుక డబ్బు సంగతి. చాప్లిన్ ‘ది కిడ్’లో పక్కన ఉన్న పిల్లవాడే జాకీ. బాల్యంలో అతను సంపాదించింది ముప్పై నలభై లక్షల డాలర్లు ఉంటుందంటారు. పెద్దవాడయ్యాక తన డబ్బు అడిగితే తల్లి, మారుతండ్రి ఇవ్వం పొమ్మన్నారు. 1938లో కోర్టుకెక్కాడు. చివరకు చేతికొచ్చింది లక్షా ఇరవై ఆరు వేలు. ఆ గొడవ ఫలితంగా కాలిఫోర్నియా 1939లో చట్టం చేసింది, ఇప్పటికీ దాన్ని కూగన్ చట్టమనే అంటారు. మొదట్లో అది కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించేది, దాంతో తప్పించుకునే దారులు బోలెడు. 2000లో గట్టిగా సవరించి, పిల్లల సంపాదనలో 15 శాతం విడిగా దాచాలన్నారు.

జాకీ కేసు పత్రికల్లో నడుస్తున్న రోజుల్లో పెగ్గీ తల్లిదండ్రులు ఆమెను ఒక ప్రశ్న అడిగారు: నువ్వు కూడా మా మీద కేసు వేస్తావా? అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు, ఇంట్లో డబ్బు లేదు. వేయలేదు. వేసి సాధించేదేమీ లేదనుకుంది. తీర్పు వచ్చినా తిరిగి రావడానికి ఏముంది? కానీ ఆ ప్రశ్న వాళ్ళ నోటినుంచి వచ్చిందంటే, చేసిందేమిటో వాళ్ళకు తెలుసన్నమాట.

మన సంగతి. మీనాకుమారి 1939లో అయిదారేళ్ళ పిల్లగా వచ్చి ఇల్లు నడిపింది. శ్రీదేవి ‘బడిపంతులు’లో ఎన్టీఆర్‌కు మనవరాలు, 1972. ఏడేళ్ళు తిరిగేసరికి ‘వేటగాడు’లో ఆయనకే కథానాయిక. మధ్యలో, పదమూడేళ్ళకే, బాలచందర్ ‘మూండ్రు ముడిచ్చు’లో పెద్ద పాత్ర. ఈ వరసను మనం సరదా సమాచారంగా క్విజ్‌లలో అడుగుతాం. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ చూస్తున్నప్పుడు నాకొకటి తట్టింది: అందులో బేబీ షాలిని, బేబీ షామిలి, వాళ్ళతో పాటు ఒకనాటి బేబీ శ్రీదేవి ఒకే ఫ్రేములో ఉంటారు. ఆ ముగ్గురికి మధ్య నడిచిన మాటలేమిటో ఎవరైనా రాసి ఉంటే బాగుండేది. శ్రీదేవి ప్రతిభను నేను శంకించడం లేదు. ఆమె అదృష్టం కూడా పెద్దదే, బాలతార నుంచి నాయికగా దాటినవాళ్ళు చాలా తక్కువ. దాటనివాళ్ళ పేర్లు పాత సినిమాల టైటిల్స్‌లో, మాస్టర్ ఫలానా, బేబీ ఫలానా అంటూ, ఇంటిపేరు కూడా లేకుండా ఉండిపోయాయి.

చట్టం మనకూ ఉంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 2017లో నిబంధనలు తెచ్చారు. పిల్లలతో షూటింగుకు కలెక్టరు అనుమతి ఉండాలి. రోజుకు అయిదు గంటలకు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకంటే ఎక్కువ పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్లవాడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. బాలల హక్కుల కమిషన్ ఆ తర్వాత ఇచ్చిన మార్గదర్శకాల్లో ఓటీటీలు, సోషల్ మీడియా కూడా చేరాయి. కాగితం మీద మనం కాలిఫోర్నియాకు తీసిపోలేదు. అమలు సంగతి ఇక్కడ కూచున్న ప్రొడక్షన్ మేనేజర్లు నాకంటే బాగా చెప్పగలరు.

ఆ నిబంధనల్లో ఇంకో మాట ఉంది: పిల్లల ఇష్టానికి, సమ్మతికి విరుద్ధంగా వాళ్ళను పాల్గొనేలా చేయకూడదు. మంచి నిబంధన. దాన్ని పెగ్గీకి పెట్టి చూడండి. నీళ్ళలో ముంచే ముందు ‘నీకిష్టమేనా పాపా’ అని అడిగి ఉంటే ఆమె ఏమనేది? తండ్రి వైపు చూసి ‘సరే’ అనేది. ‘సరే’ అనడం వచ్చు గనకే ఆమెకు ఆ ఉద్యోగం దొరికింది. కాదనే పిల్లను, కూచోమన్న ఆ చోటినుంచి మొదటి రోజే లేపి ఇంటికి పంపేవారు. ఇవాళ ఫోన్ పట్టుకుని కూతురి చేత రోజుకో రీలు చేయించే తల్లిదండ్రుల్లో చాలామంది ‘మా పాపకు ఇష్టమేనండీ’ అంటారు, నిజాయితీగానే అంటారు. జాక్ మాంట్‌గోమరీ కూడా అదే అనేవాడు. ఇష్టానికీ మాట వినడానికీ తేడా పెద్దవాళ్ళకు కనబడదు. ఆ తేడా ఏమిటో చెప్పడానికి పెగ్గీకి దశాబ్దాలు, నాలుగు పుస్తకాలు పట్టాయి.

‘హాలీవుడ్స్ చిల్డ్రన్’ను ఎవరైనా తెలుగులోకి తెస్తే బాగుంటుంది. వెనక వరసలు పట్టేసిన ఫిల్మ్ స్కూలు పిల్లల్లో ఒకరిద్దరు ముందుకొస్తే, నా దగ్గరున్న ప్రతి ఇస్తాను, తిరిగి ఇవ్వాలి సుమండీ. ఇప్పుడు ‘కెప్టెన్ జాన్యువరీ’ వేస్తున్నారు, సుమారు గంట. మూకీయే కనుక పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ చూడవచ్చు. ప్రశ్నలు సినిమా అయ్యాక, టీ తాగుతూ.